సొసైటీ, మ్యాక్స్, ఎఫ్‌పీఓ, సమాఖ్య: ఊళ్లో కలిసి వ్యాపారం పెట్టేవాళ్లు దేన్ని ఎంచుకోవాలి?

పదిమంది రైతులు రచ్చబండ దగ్గర కూర్చుని "కలిసి కొందాం, కలిసి అమ్ముదాం" అనుకుంటారు. ఆ రాత్రికి ఆ మాట బాగానే ఉంటుంది. తెల్లారేసరికి "దేనికి సబ్సిడీ ఎక్కువ?" అన్న ప్రశ్న ముందుకొస్తుంది. ఎఫ్‌పీఓ పెడితే పద్దెనిమిది లక్షలు వస్తాయట అని ఒకరంటారు. ఉన్న సొసైటీ ఉండగా ఇంకోటి దేనికని ఇంకొకరు. ఆడవాళ్ల పేరు మీద పెడితే వడ్డీ లేకుండా వస్తుందని మూడో సలహా. ఎవరో చదువుకున్న కుర్రాడు మ్యాక్స్ అంటాడు, అదేమిటో మిగతావాళ్లకు తెలియదు. ఏం అమ్మాలి, ఎవరికి అమ్మాలి అన్న అసలు మాట అక్కడే ఆగిపోతుంది.

ఇలాంటి సంఘాలకు కొన్నేళ్లుగా లెక్కలు రాసిపెడుతున్నాను. చూసినంతలో నాకు అర్థమైంది ఒకటే. ప్రభుత్వం చేతికిచ్చే డబ్బులో ఎక్కువ భాగం మొదటి మూడేళ్లకే. మీరు ఎంచుకున్న చట్టం నెత్తిన పెట్టే పని మాత్రం సంఘం బతికున్నన్నాళ్లూ ఉంటుంది. అందుకని ఏ దారినైనా నేను నాలుగో ఏడాది దగ్గర నిలబెట్టి చూస్తాను: గ్రాంటు ఆగిపోయాక జీతం ఎవరిస్తారు, రిటర్నులు ఎవరు వేస్తారు, మీటింగుకు ఎవరొస్తారు? ఈ రాసేదంతా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రైతులను దృష్టిలో పెట్టుకునే. సహకార రంగం రాష్ట్రాల పరిధిలోది కాబట్టి పక్క రాష్ట్రం వాళ్ల అనుభవం ఇక్కడ అన్నిసార్లూ పనికిరాదు.

## చట్టం వేరు, పథకం వేరు

ఎక్కువమంది తికమకపడేది ఇక్కడే. ఎఫ్‌పీఓ అనేది చట్టం పేరు కాదు. రైతులు కలిసి పెట్టుకున్న ఉత్పత్తిదారుల సంఘాలన్నిటినీ పిలిచే పేరు అది. దాన్ని కంపెనీగా రిజిస్టర్ చెయ్యొచ్చు, సహకార సంఘంగానూ చెయ్యొచ్చు. కేంద్రం 2020లో తెచ్చిన 10,000 ఎఫ్‌పీఓల పథకం రెంటినీ ఒప్పుకుంటుంది, మ్యాక్స్ చట్టం కింద పెట్టుకున్నవాటితో సహా. "ఎఫ్‌పీఓనా, కోఆపరేటివా?" అని అడిగితే ప్రశ్నే తప్పు. "కంపెనీ చట్టమా, సహకార చట్టమా?" అన్నది సరైన ప్రశ్న. ఏ పథకానికి దరఖాస్తు చెయ్యాలన్నది ఆ తర్వాతి సంగతి.

మనకున్న చట్టాలు మూడు. 1964 నాటి సహకార సంఘాల చట్టం: మన ఊరి పీఏసీఎస్, అంటే మనం సొసైటీ అని పిలిచేది, దీని కిందిదే. 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం: దీన్నే మ్యాక్స్ అంటారు. దేశంలో ఈ తరహా స్వతంత్ర సహకార చట్టం మొదట చేసింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. మూడోది కంపెనీల చట్టంలోని ప్రొడ్యూసర్ కంపెనీ అధ్యాయం. ఇది 2002లో వచ్చింది. నాలుగో దారి మహిళా సంఘాల సమాఖ్య. దానికి విడిగా చట్టం లేదు, మండల సమాఖ్యలు మ్యాక్స్ కిందే రిజిస్టరై ఉంటాయి. కాకపోతే దాని చుట్టూ ఉన్న ప్రభుత్వ ఏర్పాటు వేరు కాబట్టి విడిగా చూడాలి.

## ముందు తేల్చుకోవాల్సినవి

దరఖాస్తు ఫారం పట్టుకునే ముందు సభ్యులంతా కూర్చుని నిజాయితీగా జవాబులు చెప్పుకోవాల్సిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.

సరుకు ఏమిటి, అది ఏడాదిలో ఎన్ని రోజులు కదులుతుంది? పాలు రోజూ కదులుతాయి. ధాన్యం రెండు సీజన్లు. మామిడి రెండు నెలలు. పదినెలలు ఖాళీగా ఉండే వ్యాపారానికి నెల జీతాల మనుషులను పెట్టడం కుదరదు.

లెక్కలు రాసేది ఎవరు? అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదేనంటాను. ఊళ్లోనే ఉండి, రోజూ రాసి, అడిగినప్పుడు చూపించే మనిషి దొరికితే సగం పని అయినట్టే. అలాంటి మనిషి లేకపోతే కంపెనీ వైపు చూడకండి.

సొంత డబ్బు ఎంత పెడతారు? వాటా ధనం 100 రూపాయలు పెట్టినవాడు మీటింగుకు రాడు. 2,000 పెట్టినవాడు వచ్చి ప్రశ్న అడుగుతాడు. ఏ సాయమైనా మీరు పెట్టినదాన్ని బట్టే ఉంటుంది కాబట్టి ఇది ముందే తేలాలి.

ప్రభుత్వ అధికారి చెయ్యి మీ సంఘం మీద ఎంత ఉంటే ఓర్చుకోగలరు? కొందరికి ఆ చెయ్యి ధైర్యం. కొందరికి అదే టెన్షన్. ఇందులో తప్పొప్పులు లేవు. ముందే తెలుసుకుని దిగితే చాలు.

| | సొసైటీ (1964 చట్టం) | మ్యాక్స్ (1995 చట్టం) | ప్రొడ్యూసర్ కంపెనీ | మహిళా సమాఖ్య |
|---|---|---|---|---|
| మొదలుపెట్టేందుకు | ఉన్నదాంట్లో చేరడమే సులువు | వేర్వేరు కుటుంబాల నుంచి 10 మంది | 10 మంది ఉత్పత్తిదారులు, కనీసం ఐదుగురు డైరెక్టర్లు | పొదుపు సంఘంలో సభ్యత్వం |
| ప్రభుత్వ వాటా ధనం | తీసుకోవచ్చు | తీసుకోకూడదు | ఉండదు, సభ్యుల వాటాకు తోడుగా గ్రాంటు ఉంటుంది | ఉండదు, పెట్టుబడి నిధి అప్పుగా వస్తుంది |
| ఎవరి పర్యవేక్షణ | సహకార శాఖ, జిల్లా సహకార కేంద్ర బ్యాంకు (డీసీసీబీ) | సభ్యులే, రిజిస్ట్రార్‌కు ఏటా నివేదిక | కంపెనీల రిజిస్ట్రార్ | సెర్ప్ (గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ) సిబ్బంది |
| ఏటా తప్పనిది | ఆడిట్, మహాజన సభ | ఆడిట్, మహాజన సభ | ఆడిట్, ఆన్‌లైన్ రిటర్నులు, సీఈఓ | వారం, నెల మీటింగులు, సంఘం ఆడిట్ |
| బాగా కుదిరేది | ఎరువులు, పంట రుణం, ధాన్యం కొనుగోలు | పాలు, విత్తనాలు, పొదుపు-అప్పు | బయటి కొనుగోలుదారులతో పెద్ద వ్యాపారం | చిన్న తయారీ, సేకరణ కేంద్రాలు |

## ఉన్న సొసైటీలోనే చేద్దామంటే

కొత్తగా ఏదైనా పెట్టే ముందు ఒకసారి ఊరి సొసైటీ గడప తొక్కి రండి. చాలామంది దాన్ని యూరియా కోసం లైను కట్టే చోటుగానే చూస్తారు. కానీ దానికి ఇప్పటికే గోడౌను ఉంటుంది, ఎరువుల లైసెన్సు ఉంటుంది, డీసీసీబీతో అప్పు లావాదేవీ ఉంటుంది. కొత్త సంఘానికి ఈ మూడూ సంపాదించుకోవడానికి రెండేళ్లు పడుతుంది.

కేంద్రం 2021 జులైలో సహకార శాఖను విడిగా పెట్టాక డబ్బు ఎక్కువగా పారింది సొసైటీల వైపే. 2022లో కంప్యూటరీకరణకు 2,516 కోట్లు కేటాయించారు. 2023 మొదట్లో నమూనా బైలాస్ (సంఘం నియమావళి) పంపారు. వాటి ప్రకారం పీఏసీఎస్‌లు పంట రుణాలతో ఆగిపోకుండా పాడి, చేపలు, గోదాములు, పెట్రోలు బంకు, జనరిక్ మందుల షాపు, కామన్ సర్వీస్ సెంటరు లాంటి పాతికకు పైగా పనులు చెయ్యొచ్చు. మీ సొసైటీ ఆ బైలాస్ తీసుకుందో లేదో సెక్రటరీని నేరుగా అడగండి. తీసుకోకపోతే మహాజన సభలో పెట్టమని పదిమంది సభ్యులు సంతకాలతో కాగితం ఇవ్వండి. ఏ సబ్సిడీ కన్నా ఈ ఒక్క కాగితం ఎక్కువ పని చేస్తుంది.

లోపం? అందరికీ తెలిసిందే. ఎన్నికలు వాయిదా పడి నామినేటెడ్ కమిటీలో, పర్సన్ ఇన్‌చార్జో నడపడం రెండు రాష్ట్రాల్లోనూ చూశాం. 1964 చట్టం కింద పాలకవర్గాన్ని తప్పించే అధికారం ప్రభుత్వానికి ఉంది. మీరు కష్టపడి నిలబెట్టిన మిర్చి వ్యాపారం, కమిటీ మారగానే "అది పాతవాళ్ల పని" అయిపోవచ్చు. పాత బకాయిల బరువు కూడా ఉంటుంది. మొండిబకాయిలు పేరుకున్న సొసైటీకి కొత్త పనికి అప్పు పుట్టడం కష్టం. అందుకే చేరే ముందు గత మూడేళ్ల ఆడిట్ రిపోర్టు చూడండి. సభ్యుడిగా అడిగే హక్కు మీకు ఉంది. అక్కడ రాసిన ఆడిట్ గ్రేడు పాలకవర్గం మాటల కన్నా నిజం చెబుతుంది.

నాలుగో ఏడాది పరీక్షలో సొసైటీ పాసవుతుంది. చావదు. ఎదుగుతుందా అంటే మాత్రం అది మీ చేతిలో పూర్తిగా ఉండదు.

## మ్యాక్స్: పేరు తక్కువ, స్వేచ్ఛ ఎక్కువ

నా మొగ్గు దీని మీదేనని ముందే చెప్పేస్తున్నాను. కాబట్టి ఈ భాగాన్ని కాస్త అనుమానంగానే చదవండి.

1995 చట్టం వెనుక ఉన్న ఆలోచన సూటిగా ఉంటుంది. ప్రభుత్వం వాటా పెట్టదు, పెట్టదు కాబట్టి పెత్తనం చెయ్యదు. ఎన్నికలు మీరే పెట్టుకోవాలి. ఆడిటర్‌ను మీరే పెట్టుకోవాలి. బైలాస్ మీరే రాసుకోవాలి. ఈ చట్టంలో నాకు నచ్చే విషయాలు రెండున్నాయి. మొదటిది: ప్రతి సభ్యుడూ ఏడాదికి సంఘం సేవలు కనీసం ఎంత వాడుకోవాలో బైలాస్‌లోనే రాసుకోవాలి. ఆ మేరకు వాడుకోనివాళ్లకు ఓటుహక్కు ఉండదు. పాలు బయట అమ్ముకుంటూ సంఘం ఎన్నికల్లో మాత్రం చెయ్యెత్తే మనిషికి ఇక్కడ చోటు లేదు. రెండోది: లాభం వస్తే సభ్యులు ఎలా పంచుకుంటారో లోటు వచ్చినా అలాగే భరించాలి. ఇది వినగానే చాలామంది వెనక్కి తగ్గుతారు. తగ్గేవాళ్లు తగ్గడమే మంచిది.

ముల్కనూరు పేరు వినే ఉంటారు. ఇప్పటి హనుమకొండ జిల్లాలోని ఆ ఊళ్లో 1956లో మొదలైన సహకార గ్రామీణ బ్యాంకు అప్పులిచ్చే పనితో ఆగిపోకుండా సభ్యుల ధాన్యం, విత్తనాలు, పత్తి వ్యాపారం దాకా వెళ్లింది. అక్కడే 2002లో మహిళల పాల డెయిరీ మ్యాక్స్ చట్టం కింద మొదలైంది. ఊరూరా మహిళా పాల సంఘాలు, వాటన్నిటికీ కలిపి యూనియన్, సొంత పాల కేంద్రం, స్వకృషి అనే సొంత పేరు. చూసి రావాలనుకునేవాళ్లు పొద్దున్నే పాలు పోసే వేళకు వెళ్లండి, ఆఫీసు వేళకు కాదు. కొలత, వెన్న శాతం, చీటీ, ఈ మూడూ సభ్యురాలి కళ్ల ముందే జరగడం చూస్తే సహకారం అంటే ఏమిటో ఉపన్యాసం లేకుండానే తెలుస్తుంది.

ఇబ్బందులు ఉన్నాయి. ప్రజల దగ్గర డిపాజిట్లు సేకరించి బోర్డు తిప్పేసిన సంఘాలు కొన్ని మ్యాక్స్ పేరు మీదే నడిచాయి. అందుకని కొన్ని బ్యాంకుల్లో మ్యాక్స్ అనగానే మేనేజరు కుర్చీలో వెనక్కి వాలతాడు. బైలాస్‌లో సభ్యులు కానివాళ్ల నుంచి డిపాజిట్లు తీసుకోబోమని స్పష్టంగా రాసుకోండి. అప్పుడు ఆ మాట ఆయనకు చూపించవచ్చు. ఇంకొకటి, ప్రభుత్వ ప్రకటనల్లో మ్యాక్స్ పేరు పెద్దగా కనిపించదు. పథకం మార్గదర్శకాలు తెరిచి "సహకార సంఘాలు" అన్న మాట కిందికి మీరూ వస్తారని మీరే చూపించుకోవాలి. కౌంటరులో ఉన్న ఉద్యోగికి అది తెలియకపోవచ్చు.

## ప్రొడ్యూసర్ కంపెనీ: డబ్బు ముందు, కాగితం వెనుక

ఇప్పుడు అందరి నోటా ఉన్నది ఇదే. ఎందుకో చూద్దాం. 10,000 ఎఫ్‌పీఓల పథకానికి కేంద్రం 6,865 కోట్లు పెట్టింది. మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది రైతులు ఉండాలి. కొండ ప్రాంతాల్లో 100 మంది చాలు. ఒక్కో సంఘానికి మూడేళ్లలో నిర్వహణ ఖర్చులకు 18 లక్షల దాకా సాయం ఉంటుంది. సభ్యులు పెట్టిన వాటాకు సమానంగా ఈక్విటీ గ్రాంటు ఉంటుంది: ఒక్కో రైతుకు 2,000 దాకా, మొత్తం 15 లక్షలు మించకుండా. బ్యాంకు అప్పుకు 2 కోట్ల దాకా గ్యారంటీ.

ఈ 15 లక్షల మాట వినగానే లెక్క వెయ్యండి. 300 మంది వెయ్యేసి రూపాయలు పెడితే వచ్చే గ్రాంటు 3 లక్షలే. 15 లక్షలు పూర్తిగా రావాలంటే 750 మంది చేత 2,000 చొప్పున కట్టించాలి. కరపత్రంలో కనిపించే పెద్ద అంకె ఎవరికీ ఊరికే రాదు.

నాలుగో ఏడాది లెక్క ఇంకా ముఖ్యం. పథకం కింద సీఈఓకు నెలకు 25,000, అకౌంటెంట్‌కు 10,000 దాకా ఇస్తారు. అది ఆగాక ఆ 35,000 మీరే ఇవ్వాలి, ఏడాదికి 4.2 లక్షలు. అద్దె, కరెంటు, ఆడిటర్ ఫీజు కలిపి ఖర్చు 5.4 లక్షలు అనుకుందాం. మీకు మిగిలే మార్జిన్ 3 శాతం అయితే ఆ ఖర్చు రాబట్టడానికే 1 కోటి 80 లక్షల వ్యాపారం కావాలి. 300 మందికి పంచితే ఒక్కొక్కరు ఏటా 60,000 రూపాయల కొనుగోలో అమ్మకమో సంఘం ద్వారానే చెయ్యాలి. మీ ఊళ్లో చేస్తారా? ఈ ప్రశ్నకు "చేస్తారు" అని జవాబొస్తే కంపెనీ పెట్టండి, భయపడకండి. "చూద్దాం" అని వస్తే ఆగండి.

సీఈఓను తీసేద్దామంటే చట్టం ఒప్పుకోదు. ప్రొడ్యూసర్ కంపెనీకి పూర్తికాలపు సీఈఓ తప్పనిసరి. వ్యాపారం జరిగినా జరగకపోయినా ఏటా రెండు ప్రధాన రిటర్నులు వెయ్యాలి. ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల అదనపు రుసుము. రెండు ఫారాలు ఏడాది పాటు మర్చిపోతే 73,000 అవుతుంది. వరసగా మూడేళ్లు వెయ్యకపోతే డైరెక్టర్లు ఐదేళ్ల పాటు ఏ కంపెనీలోనూ డైరెక్టర్లుగా ఉండటానికి అనర్హులవుతారు. నేను చూసిన ఒక సంఘంలో, పేరు అనవసరం, రిటర్నులు వెయ్యలేదని తెలిసింది అప్పు కోసం బ్యాంకుకు వెళ్లినరోజు. డైరెక్టర్లలో ఇద్దరికి తాము డైరెక్టర్లమని కూడా సరిగా తెలియదు. "సంతకం పెట్టమంటే పెట్టాను బాబూ" అన్నాడు ఒక పెద్దాయన. సంఘం పెట్టించిన సంస్థ మనుషులు కాలపరిమితి అయిపోయి వెళ్లిపోయారు. కాగితాలు వాళ్ల లాప్‌టాప్‌లోనే ఉండిపోయాయి.

అందుకే ఒక జాగ్రత్త. పథకంలో చేయిపట్టి నడిపించే సంస్థలు ఉంటాయి, వాటిని సీబీబీఓలు అంటారు. అవి పెట్టే ప్రతి లాగిన్, పాస్‌వర్డ్, డిజిటల్ సంతకం మొదటి రోజు నుంచే పాలకవర్గం దగ్గర ఉండాలి.

కంపెనీకి మేలు లేదని కాదు. బయటి రాష్ట్రం వ్యాపారికి, ఎగుమతిదారుకు, పెద్ద కొనుగోలుదారుకు కంపెనీ కాగితం చూస్తే నమ్మకం. ప్రభుత్వ జోక్యం తక్కువ. బయటివాళ్లు వాటాలు కొని మింగేసే వీల్లేదు. ఉత్పత్తిదారులే సభ్యులు, ఎన్ని వాటాలున్నా ఒక మనిషికి ఒకే ఓటు. విశాఖ డెయిరీ, సంగం డెయిరీ లాంటి పెద్ద పాల సంస్థలు సహకార చట్టం నుంచి మ్యాక్స్‌కు, అక్కడి నుంచి ప్రొడ్యూసర్ కంపెనీకి మారినవే. అంటే మొదట మ్యాక్స్‌గా పెట్టుకుని, వ్యాపారం పెరిగాక కంపెనీగా మారే దారి ఉంది. మొదటి రోజే కంపెనీగా పుట్టాలని ఎవరూ శాసించలేదు.

ఒక సంగతి మర్చిపోకండి: 10,000 సంఖ్య 2025 ఫిబ్రవరిలోనే నిండింది. ఇప్పుడు ఎవరైనా "ఎఫ్‌పీఓ పెడదాం, పద్దెనిమిది లక్షలు ఇప్పిస్తా" అని వస్తే, ఏ పథకం కింద, ఏ ఏజెన్సీ మంజూరు చేస్తుందో కాగితం మీద చూపించమనండి. మీ మండలంలో ఇప్పటికే ఉన్న ఎఫ్‌పీఓలో చేరడం చాలాసార్లు కొత్తది పెట్టడం కన్నా తెలివైన పని.

## మహిళా సమాఖ్య

డ్వాక్రా పథకం 1999లోనే ఇంకో పథకంలో కలిసిపోయింది. అయినా మన ఊళ్లలో ఆ పేరు పోలేదు, పోదు కూడా. ఆ పునాది మీద పొదుపు సంఘం, దాని పైన గ్రామ సంఘం, మండల సమాఖ్య, జిల్లా సమాఖ్య అన్న మెట్లు కట్టారు. దేశంలో ఇంత బలమైన అల్లిక ఉన్న చోట్లు తక్కువ.

సాయం పరంగా ఇది అందరికన్నా సులువైన దారి. తనఖా లేకుండా ఒక్కో సంఘానికి 20 లక్షల దాకా బ్యాంకు అప్పు. వడ్డీ రాయితీ. 2011లో మొదలైన స్త్రీనిధి నుంచి త్వరగా అందే చిన్న అప్పులు. ఆహార తయారీలో ఉన్న సభ్యురాలికి పీఎంఎఫ్‌ఎంఈ (చిన్న ఆహార తయారీ యూనిట్ల కోసం కేంద్రం పెట్టిన పథకం) కింద 40,000 రూపాయల తొలి పెట్టుబడి, అది సంఘం ద్వారా అప్పుగా వస్తుంది. ధాన్యం కొనుగోలు కేంద్రాలు నడిపి కమీషన్ సంపాదించిన గ్రామ సంఘాలు ఎన్నో. తెలంగాణలో 2025లో నారాయణపేటలో మహిళా సమాఖ్య పెట్రోలు బంకే పెట్టింది.

మరి ఇబ్బంది ఏమిటంటే, సమాఖ్య ఎవరిదన్న ప్రశ్న ఎప్పుడూ పూర్తిగా తేలదు. కాగితం మీద సభ్యులది. రోజువారీ పనిలో ఏపీఎం, సీసీ అనే సెర్ప్ సిబ్బంది చెప్పిందే నడుస్తుంది. పింఛను సర్వే, ఓటరు చైతన్యం, ఫలానా మంత్రిగారి సభకు జనం, అన్నిటికీ సంఘమే గుర్తొస్తుంది. వ్యాపారం చేసే సభ్యులకు, పొదుపు మాత్రమే చేసే సభ్యులకు మధ్య లెక్కలు కలిసిపోయి గొడవలొస్తాయి. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. పచ్చళ్లో, పప్పు మిల్లో నడిపే పాతికమందిని విడిగా ఒక ఉత్పత్తిదారుల గ్రూపుగా చేసి, దానికి వేరే బ్యాంకు ఖాతా తెరవడం. అప్పు సంఘం నుంచి తెచ్చుకోండి, లాభనష్టాలు గ్రూపులోనే ఉంచుకోండి.

## ఏ దారిలో వెళ్లినా అందే సాయం

సబ్సిడీ చూసి చట్టం ఎంచుకోవద్దని అనడానికి కారణం ఇదే. పెద్ద పథకాల తలుపులు చాలావరకు నలుగురికీ తెరిచే ఉంటాయి.

| పథకం | ఏమిస్తుంది | గమనించాల్సింది |
|---|---|---|
| వ్యవసాయ మౌలిక వసతుల నిధి (ఏఐఎఫ్) | 2 కోట్ల దాకా అప్పు మీద 3 శాతం వడ్డీ రాయితీ, గరిష్ఠంగా ఏడేళ్లు | గ్రాంటు కాదు, బ్యాంకు అప్పు పుట్టాలి |
| పీఎంఎఫ్‌ఎంఈ | ఆహార తయారీ యూనిట్లకు 35 శాతం: వ్యక్తులకు 10 లక్షలు, ఉమ్మడి సదుపాయాలకు 3 కోట్లు మించకుండా | సొంత వాటా కనీసం 10 శాతం |
| ఎన్‌సీడీసీ (జాతీయ సహకార అభివృద్ధి సంస్థ) యువ సహకార్, నందినీ సహకార్ | సహకార సంఘాలకు వడ్డీ తగ్గింపుతో దీర్ఘకాలిక అప్పు | మూడు నెలలైనా నడిచిన సంఘం కావాలి |

60 లక్షల గోదాము అప్పు తీసుకుంటే ఏఐఎఫ్ రాయితీ మొదటి ఏడాది 1.8 లక్షలు, అసలు తీరేకొద్దీ తగ్గుతుంది. పీఏసీఎస్‌లకు నాబార్డు రీఫైనాన్స్ తోడై వడ్డీ 1 శాతం దాకా దిగింది. గోదాము కట్టాలనుకునేవాళ్లు సొసైటీ దారిని ఇంకోసారి ఆలోచించడానికి ఇదొక్కటే చాలు.

పీఎంఎఫ్‌ఎంఈ సబ్సిడీ చేతికి రాదు. మీ అప్పు ఖాతాకు జతగా ఒక ఖాతాలో పడి, మూడేళ్లు కిస్తీలు సక్రమంగా కట్టాక అప్పులో జమవుతుంది. 20 లక్షల కారం మిల్లుకు 7 లక్షలు వస్తుందని ముందే ఖర్చు రాసుకున్నవాళ్లు ఇక్కడే ఇరుక్కుంటారు. మొదట 18 లక్షలకు అప్పు పుట్టించుకోవాలి. ఈ పథకాన్ని 2025-26 వరకే పొడిగించారు, ఏఐఎఫ్ అప్పుల పంపిణీకీ అదే ఏడాదిని గడువుగా పెట్టారు. కాబట్టి జిల్లా ఉద్యాన లేదా వ్యవసాయ అధికారి దగ్గర ప్రస్తుత గడువు కనుక్కున్నాకే యంత్రానికి అడ్వాన్సు ఇవ్వండి.

ఎన్‌సీడీసీని మనవాళ్లు తక్కువగా వాడుకుంటారు. 1963 నుంచి ఉన్న కేంద్ర సంస్థ, హైదరాబాద్‌లో ప్రాంతీయ కార్యాలయం ఉంది. నందినీ సహకార్‌కు సంఘంలో కనీసం సగం మంది మహిళలు ఉండాలి. 2025 జులైలో ఈ సంస్థకు నాలుగేళ్లలో 2,000 కోట్ల గ్రాంటు ఇవ్వడానికి కేంద్ర మంత్రివర్గం ఒప్పుకుంది. సహకార సంఘంగా రిజిస్టరైన వాళ్లకు ఇది కంపెనీ వాళ్ల కన్నా దగ్గరి తలుపు.

## ఎవరికి ఏది

పాలు పోసే పాతిక ఊళ్లు, రోజూ డబ్బు చేతులు మారే వ్యాపారం అయితే నా ఓటు మ్యాక్స్‌కే. నమ్మకం రోజూ పరీక్షకు నిలబడే చోట ప్రభుత్వ చెయ్యి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది.

ఎరువులు, విత్తనాలు, గోదాము, ధాన్యం కొనుగోలు మాత్రమే మీ అవసరమైతే సొసైటీని బాగుచేసుకోండి. కొత్త బోర్డు పెట్టకండి. ఒకే ఊళ్లో రెండు సంఘాలు అవే బస్తాలు అమ్ముకుంటే రెండూ చిక్కిపోతాయి.

మిర్చి, పసుపు, కంది, జీడిమామిడి లాంటివి మండలమంతా పండి, బయటి రాష్ట్రం కొనుగోలుదారు ఇప్పటికే ఫోన్లో ఉంటే కంపెనీ సరైనది. ఆ ఫోన్ నంబరు లేకుండా కంపెనీ పెట్టడం పెళ్లికొడుకు లేకుండా పందిరి వెయ్యడమే.

భూమి లేని, లేదా పట్టా పేరు మీద లేని ఆడవాళ్లు కలిసి చిన్నగా మొదలుపెట్టాలంటే సమాఖ్య. పాస్‌పుస్తకం అడగని అప్పు దొరికే చోటు అదే. కౌలు రైతులకు కూడా ఇంట్లో ఆడవాళ్ల సంఘమే చాలాసార్లు అసలు బ్యాంకు.

మత్స్యకారులు, గొర్రెల పెంపకందారులు, చేనేత కార్మికులకు మాత్రం నేను వేరే సలహా ఇవ్వను. వాళ్ల వృత్తి సహకార సంఘాలు ఎలాగూ ఉన్నాయి. చెరువు హక్కు, పథకాలు ఆ సంఘాల ద్వారానే వస్తాయి. అందులో సభ్యత్వం వదిలేసి కొత్తది పెట్టుకుంటే ఉన్న హక్కు పోయే ప్రమాదం ఉంది.

## రిజిస్ట్రేషన్‌కు ముందు ఒక సీజన్

మీరు ఏ దారి ఎంచుకున్నా, జిల్లా సహకార అధికారి దగ్గరికో కంపెనీ సెక్రటరీ దగ్గరికో వెళ్లే ముందు ఒక పని చేసి చూడండి. వచ్చే సీజన్‌కు అందరికీ కావాల్సిన వస్తువు ఒకటి, టార్పాలిన్లో గోనె సంచులో, కలిసి టోకున కొనండి. మీ వాడకానికి మీరు కొనుక్కుంటున్నారు కాబట్టి దీనికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. డబ్బు ముందే కట్టాలని షరతు పెట్టండి. ఒక నోటుపుస్తకంలో ఎవరు ఎంత కట్టారు, ఎన్ని తీసుకున్నారు, రవాణా ఖర్చు ఎంత అని రాసి, ఆఖరున అందరికీ చదివి వినిపించండి.

ముప్పై మంది ఒప్పుకుంటే పద్దెనిమిది మంది కడతారు. ఇద్దరు తర్వాత ఇస్తామంటారు. ఒకరు వచ్చిన సరుకు బాలేదని వాదిస్తారు. పుస్తకం రాసే మనిషి ఎవరో ఆ నెలలోనే బయటపడతాడు. ముందే డబ్బు కట్టిన ఆ పద్దెనిమిది మంది పేర్లు దాచిపెట్టుకోండి. ప్రమోటర్లుగా మొదటి సంతకాలు వాళ్ల చేతే పెట్టించండి.